ఏరివేత – చేరదీత

ఒకచోట పనికిరాడని పంపివేయబడినవాడు మరియొకచోట చేరి ఘనకార్యము సాధించెనని విన్నప్పుడు మనకందరకును సంతోషము కలుగును. ఆ సంతోషము మంచిదే. కాని దానిలో నేయే భావములు కలసియున్నవో విడదీసి చూచినవారు తక్కువ. త్రోసివేసినవారికి తగిన శాస్తి జరిగెనన్న తృప్తి అందు కొంత గలదు. మనమును ఎప్పుడో యెక్కడనో త్రోసివేయబడినవారమే కనుక, మనకును అట్టి దినము రాకపోదన్న యాశ కొంత గలదు. చేరదీసినవాని యెడ మెప్పు కొంత గలదు. ఈ కడపటిదానిని గురించియే మేమిక్కడ విచారింపదలచితిమి. ఇతరులు వలదన్నవారిని చేర్చుకొని వారిచేత పని సాధించినవాడు చూపినది దయయా, వివేకమా, లేక చౌకబేరమా? ఆ చేరదీతవలన వానికి వారిపై నెట్టి యధికారము కలుగును? వారికి వానిపై నెట్టి హక్కు కలుగును?

ఇది ఇంటింటికిని సంబంధించిన ప్రశ్న. బడి మార్పింపబడిన పిల్లవాడో, కుదిరిన సంబంధము తప్పిపోయిన యాడుబిడ్డయో, కొలువునుండి తొలగింపబడిన తమ్ముడో లేని కుటుంబములు మన యూళ్లలో నెన్ని యున్నవి? అయినను ఇంటి సంగతులలో నిజము తేల్చుట కష్టము. అక్కడ ప్రతివారికిని ఒక పక్షముండును, ప్రతి మాటకును ఒక పాతకథ యుండును. ఆటలో నట్లు కాదు. ఎవరు ఎవరిని వదలిరో, ఎవరు చేర్చుకొనిరో, పిమ్మట నేమి జరిగెనో అంతయు పదిమంది యెదుట జరిగి లెక్కకు వచ్చును. కావున ఫుట్‌బాలునుండి ఉదాహరణము గైకొనుచున్నాము. క్రికెట్టును కబడ్డీయును తప్ప మరియొక యాట పేరెత్తని పిల్లల నడుమ కొడవలూరులో కూర్చుండి ఫుట్‌బాలును గురించి వ్రాయుటేమని మిత్రులు నవ్వవచ్చును. నవ్వనిండు. మన హైదరాబాదు ఒకప్పుడీ దేశమున ఆ యాటకు పెద్ద పీఠము. ఇటీవల నక్కడ నడచిన కథ మన ప్రశ్నకు మిక్కిలి దగ్గరది.

2019వ సంవత్సరమున హైదరాబాదు పేర నొక ఫుట్‌బాలు క్లబ్బు వెలసినది. అది పుట్టుటయే ఒక విధముగ నొకరు విడిచినదానితో పుట్టినది. పూనాలో నొక క్లబ్బు మూతపడగా, ఇండియన్ సూపర్ లీగులో దాని స్థానము హైదరాబాదునకు వచ్చెను. దాని యాటగాండ్రలో పలువురును వచ్చిరి. తొలియేడు 18 పందెములాడి రెండు మాత్రమే గెలిచి, 10 పాయింట్లతో అందరకంటె అడుగున నిలిచిరి. మరుసటి యేటికి శిక్షకుడుగా నియమింపబడిన ఆల్బర్ట్ రోకా, బార్సిలోనా క్లబ్బు పిలువగా పని మొదలిడకమునుపే వెడలిపోయెను. ఆయనకు బదులుగా స్పెయిను దేశీయుడగు మనోలో మార్కెస్ వచ్చెను. ఆయన వచ్చిన తొలియేడు జట్టు ఐదవ స్థానమునకు లేచినది. రెండవయేడు, 2022 మార్చి 20వ తేదీన, గోవాలోని ఫతోర్డా మైదానమున కేరళ బ్లాస్టర్సును ఓడించి కప్పు గెలిచినది. మహమ్మారి కారణమున ఆ సంవత్సరపు పందెములన్నియు గోవాలోనే జరిగెను గనుక హైదరాబాదువారు తమ జట్టు ఘనతను సొంత మైదానమున చూడ నోచుకొనలేదు.

ఆ కడపటి పందెమును కొంచెము నిదానించి చూడవలెను. హైదరాబాదు గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమని గోవావాడు. 2015 డిసెంబరు 20న ఇదే ఫతోర్డాలో, ఇదే లీగు కడపటి పందెమున, ఆతడు గోవా జట్టు గోలు కాచెను. 90వ నిమిషము సమీపించువరకు గోవా 2–1తో ముందుండెను. కప్పు చేతికి వచ్చినట్లే యుండెను. అంతలో బంతి కట్టిమనిని తాకి తన గోలులోనికే పోయెను. స్కోరు సమమయ్యెను. రెండు నిమిషములలో చెన్నై జట్టు మరియొకటి వేసి 3–2తో కప్పు పట్టుకొనిపోయెను. సొంత యూరిలో, సొంతవారి కన్నులయెదుట జరిగినది. గోలుకీపరు వృత్తియే అట్టిది. ముందాడువాడు పదిమార్లు తప్పి యొకమారు కొట్టిన వీరుడగును, గోలుకీపరు పదిమార్లు ఆపి యొకమారు విడిచిన ఆ యొక్కటియే వాని పేరగును. కాలక్రమమున గోవా జట్టులో వాని చోటు చిన్నవారిదైనది. 2019లో అతడు హైదరాబాదు చేరెను. 2022లో, ముప్పది రెండేండ్ల ప్రాయమున, మరల ఆ మైదానముననే నిలిచెను. కేరళ ముందుగా గోలు వేసెను. 88వ నిమిషమున సాహిల్ తవోరా దూరమునుండి కొట్టిన దెబ్బతో స్కోరు సమమయ్యెను; ఈతడును వెనుక గోవా, బొంబాయి జట్లలో నుండి వచ్చినవాడే. అదనపు సమయముననైనను తేలక పెనాల్టీలకు వచ్చెను. కట్టిమని మూడింటి నాపెను. కడపటి పెనాల్టీ గోలులోనికి పంపి కప్పును ఖాయపరచిన హాలీచరణ్ నర్జారీ, అంతకుముందు రెండేండ్లు ఆ కేరళ జట్టుననే ఆడినవాడు.

నైజీరియా దేశీయుడగు బార్తొలొమ్యూ ఓగ్‌బెచే సంగతి ఇంకను వింతగా నుండును. 2002 ప్రపంచకప్పులో పదునేడేండ్ల కుర్రవాడుగా ఆడినవాడు మన దేశమునకు వచ్చుసరికి ముప్పది నాలుగేండ్లవాడు. ఈశాన్య జట్టున ఒక యేడు, కేరళలో ఒక యేడు, బొంబాయిలో ఒక యేడు. ప్రతిచోటను గోలులు వేసెను, ఎక్కడను రెండవయేడు నిలువలేదు. బొంబాయి జట్టు కప్పు గెలిచిన సంవత్సరమున సైతము ఆతడక్కడనే యుండి, మరుసటి యేటికి లేడయ్యెను. హైదరాబాదు చేరి 2021–22లో 18 గోలులు వేసి లీగంతటిలో మొదటివాడయ్యెను. అప్పటికి వయస్సు ముప్పది యేడు. మన పాఠశాలలలో ముప్పది యేడేండ్ల వ్యాయామోపాధ్యాయుడు ఈల యూదుచు నీడన నిలిచియుండును.

ఇక్కడ నొక మాట న్యాయమునకై చెప్పవలెను. వీరందరును మెడబట్టి గెంటబడినవారని చెప్పుట అతిశయోక్తి. కొందరి గడువు తీరెను. కొందరు మేలైన చోటు వెదకికొనిరి. కాని 'ఉండుము' అని గట్టిగా పట్టినవారు లేకపోవుటయు ఒక విధమగు ఏరివేతయే. బియ్యములో రాయిని ఏరి పారవేయుట యొకటి, చేటలో నూకను కొసకు త్రోయుట మరియొకటి; నూకకు మాత్రము రెంటికిని భేదము తెలియదు.

అయిన ఏరినవారు మూఢులా? గెలిచిన తరువాత అట్లనుట సులభము. కొందరు నీతివేత్తలు ఈ కథలను చెప్పి, ప్రతివానిలోను గుప్తముగ నొక నిధి యున్నదనియు, లోకము దానిని కానజాలక పోయెననియు ముగింతురు. ఇది మాకు నచ్చదు. ఛందస్సు చదివినవారికి ఒక సంగతి తెలియును. లఘువగు నక్షరము తన తరువాత సంయుక్తాక్షరము వచ్చెనేని గురువగును. ఆ యక్షరము మారలేదు. దాని లోపల దాగియున్న గురుత్వ మేదియు బయటపడలేదు. ప్రక్కన వచ్చినదానిని బట్టి దాని బరువు మారినది. మనుష్యుని యోగ్యత యందు సగము పాలైనను ఇట్టిదేయని మా నమ్మకము. బొంబాయిలో ఓగ్‌బెచే పనికిరానివాడు కాడు, హైదరాబాదులో క్రొత్తవాడుగా మారనులేదు. తనకు బంతి నందించుటకై కుదిరిన జట్టులో పడినాడు. కనుక ఒకని పంపివేయుటలో మనము చెప్పదగిన నిజమింతయే: 'మా పాదమున నీకు స్థానము కుదరలేదు'. దానిని 'నీవు లఘువవు' అని చెప్పుట అబద్ధము. ఈ అబద్ధమును పంపువాడు తన మనశ్శాంతికై చెప్పును. వినువాడు జన్మమంతయు నమ్మును.

ఇట్లు కూర్చు విద్య హైదరాబాదునకు క్రొత్తది కాదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ అను నుపాధ్యాయు డొకడు అక్కడ నుండెను. బడిపంతులుగా జీవితము మొదలిడి, హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడై, 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు ఆ జట్టు బొంబాయి రోవర్సు కప్పును గెలుచునట్లు చేసెను. భారతదేశపు జట్టునకును ఆయనయే శిక్షకుడు. 1952లో హెల్సింకీ ఒలింపిక్సున మన జట్టు యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడినది. మన యిండ్లలో ఒక పిల్లవాడు అట్టి మార్కులతో వచ్చిన నేమి జరుగునో చదువరులు ఊహింపగలరు. 1956లో మెల్బోర్నునకు మరల ఆయననే పంపిరి; జట్టు నాలుగవ స్థానము పొందినది. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరుగుచుండగా వెనుక నిలిచి గోలు కాపాడవలసిన జర్నేల్ సింగునకు తలకు దెబ్బ తగిలి కుట్లు పడినవి. వెనుకనుండి బంతిని తలతో త్రోయుట అతనికిక ప్రమాదము. మరియొకడైన వానిని పడకపై నుంచి వేరొకని దింపియుండును. రహీమ్ అతనిని ముందువరుసకు మార్చెను. కుట్లు వేసిన తలతో ఆతడు ఉపాంత్యమునను, కొరియాతో జరిగిన అంత్యమునను గోలులు వేసెను. 2–1తో బంగారు పతకము వచ్చెను. అప్పటికే కాన్సరుతో నున్న రహీమ్ 1963 జూనులో మరణించెను.

సంస్కృతమున యోజకుడను మాట గలదు. కూర్చువాడని యర్థము. దానిని మనము మేస్త్రీకో దళారికో పర్యాయపదముగా తలచుట కలదు. రహీమును గురించిన యొక చిన్న సంగతి ఆ మాటకు సరియైన యర్థము తెలుపును. సికింద్రాబాదు ప్రక్క అమ్ముగూడనుండి వచ్చిన పేద కుర్రవాడు తులసీదాస్ బలరామ్ శిక్షణకు వచ్చిపోవుటకు దారి ఖర్చులేక వెనుకాడగా, సైకిలు అద్దెకు కావలసిన డబ్బు ఆయనయే ఇచ్చెనని బలరామ్ చెప్పుకొనెడివాడు. ఆ కుర్రవాడే తరువాత మెల్బోర్నులోను, రోములోను, జకార్తాలోను ఆడెను. చేరదీతలో చేరదీయువాని చేతినుండి యేమి ఖర్చయినదని మనమడుగవలెను. ఏమియు ఖర్చుకానిచోట 'దయ' యను మాటను జాగ్రత్తగా వాడవలెను.

ఎందుకనగా, వలదన్నవాడు చౌకగా దొరకును. ఈ చేదునిజమును దాచి ప్రయోజనము లేదు. ఇంగ్లండులో లెస్టర్ నగరపు జట్టు 2016లో ఆ దేశపు మొదటి శ్రేణి లీగును గెలిచినది. సీజను మొదట అది గెలుచునని పందెము కాచినవారికి ఒకటికి ఐదువేలు ఇత్తుమని పందెపు వ్యాపారులు చాటిరట. ఆ జట్టులో గోలులు వేసిన జేమీ వార్డీ పదునారేండ్ల వయస్సున పొట్టివాడని షెఫీల్డు వెన్స్‌డే క్లబ్బు పంపివేసినవాడు. కర్మాగారమున పనిచేయుచు చిన్నజట్లలో ఆడి పైకి వచ్చినవాడు. రియాద్ మహ్రేజు ఫ్రాన్సులో రెండవ శ్రేణి జట్టునుండి, పెద్ద క్లబ్బులు కాపలాదారునకు పెట్టు వెలకంటె కొంచె మెక్కువకు కొనబడినవాడు అని హాస్యమాడుటకు వీలైనంత చౌకగా వచ్చెను. శిక్షకుడు క్లాడియో రానియేరీని అంతకుముందు 2014లో ఫారో దీవుల చేతిలో ఓడినందుకు గ్రీసువారు తొలగించిరి. అందరును త్రోసివేయబడినవారే, అందరును గెలిచిరి. లోకమంతయు ఆనందబాష్పములు విడిచెను. తొమ్మిది నెలలు తిరిగినవో లేదో, 2017 ఫిబ్రవరిలో, కొన్ని పందెములోడినందుకు ఆ లెస్టరువారే రానియేరీని తొలగించిరి. త్రోసివేతయొక్క బాధ తెలిసినవారు గనుక ఇతరులను త్రోయరని మన మనుకొందుము. చరిత్ర ఆ భరోసా ఇయ్యదు.

హైదరాబాదు కథకును తరువాయి గలదు. కప్పుతో ముగించినచో మేము అసత్యము చెప్పినవార మగుదుము. 2022–23లో జట్టు లీగున రెండవస్థానమున నిలిచెను. అటుపిమ్మట మార్కెస్ గోవాకు వెడలెను. క్లబ్బు ఆర్థికముగ కూలినది. ఆటగాండ్రకు, సిబ్బందికి జీతములు నెలల తరబడి నిలిచిపోయెను. బాకీలు తీర్చనందున క్రొత్తవారిని చేర్చుకొనరాదని ప్రపంచ ఫుట్‌బాలు సమాఖ్య ఆంక్ష విధించెను. ఒక్కొక్కరుగా వెడలిపోయిరి. ఇతరులు వదలినవారిని చేరదీసినదని పేరుపొందిన క్లబ్బే తనవారికి కూలి చెల్లింపని దాయెను.

ఇక్కడ మా ప్రశ్నకు సగము జవాబు దొరకుచున్నది. చేరదీసినవాడు సామాన్యముగా రెండు విధముల తన దయను వసూలు చేసికొనును. 'ఎవరును తీసికొననప్పుడు నేను తీసికొంటిని' అను మాటతో తక్కువ జీతము నిచ్చును. అదే మాటతో ఎక్కువ కృతజ్ఞతను గోరును. మన యిండ్లలో ఈ మాట ఎంత వాడుకలో నున్నదో చెప్పనక్కరలేదు. కట్నము తక్కువ తెచ్చిన కోడలికి, ఆశ్రయమిచ్చిన దూరపు బంధువుల పిల్లవానికి, వయస్సు మళ్లిన పనిమనిషికి ఇది ప్రతిదినము అన్నముతోపాటు వడ్డింపబడును. వితంతు వివాహములు జరిపించిన తొలినాళ్లలో కొందరు వరులు 'నేను నిన్నుద్ధరించితిని' అని భార్యకు జన్మమంతయు గుర్తుచేసియుందురని మా యనుమానము. ఉద్ధరణము ఒకనాటి పని. కూలి, గౌరవము, మాట నిలుపుకొనుట ప్రతినెల పని. మొదటిదానికి పత్రికలలో బొమ్మలు వేయుదురు, రెండవదానికి వేయరు.

మా వృత్తిలోని ఒక యాచారమును కూడ చెప్పక తప్పదు. కొన్ని ప్రైవేటు పాఠశాలలు పదవ తరగతి ఫలితములలో నూటికి నూరు చూపుటకై, తొమ్మిదవ తరగతి చివరనే, తప్పుదురని తోచిన పిల్లల చేతికి టి.సి. ఇచ్చి పంపివేయును. తండ్రి బ్రతిమాలును, తల్లి యేడ్చును. తరువాత జూనులో ఆ పిల్లవాడు ఊరి జిల్లాపరిషత్ పాఠశాల వాకిట నిలుచును. వానిని ఆ బడి చేర్చుకొనును, చేర్చుకొనక తప్పదు. మేమెరిగినంతలో అట్టి పిల్లలలో కొందరు చక్కగా ఉత్తీర్ణులగుదురు, కొందరు కారు. ఉత్తీర్ణుడైనవానిని తెచ్చి వేదికయెక్కించి 'చూడుడు, వదలినవారికి బుద్ధి వచ్చినది' అని మనము పండుగ చేసికొందుము. ఉత్తీర్ణుడు కానివాని సంగతి? వాని విషయమున వదలినవారు సరియే చేసిరని ఒప్పుకొందమా? గెలుపునుబట్టి ఏరివేతను ఖండించువాడు, ఓటమినిబట్టి దానిని సమర్థింపవలసి వచ్చును. అదియే ఈ కథలలోని చిక్కు.

పోటీ గలచోట ఏరక తీరదని ఒక యాక్షేపణ. నిజమే. మైదానమున పదునొకండుగురే ఆడుదురు. పన్నెండవవాడు బయట నుండవలసినదే. మా ప్రాంతపు చేలలో నాట్లు పూర్తియైన పిదప మిగిలిన నారుకట్టలను రైతు మడిమూల బురదలో గ్రుచ్చి యుంచును; కొన్నాళ్లకు నాటిన పైరు చచ్చినచోట వానితో పూరించును. అక్కరకు రాకపోయినను ఆ కట్టను అతడు వెంటనే గట్టుపై నెండవేయడు. ఫుట్‌బాలు క్లబ్బు ధర్మసత్రము కాదు, అందరను ఎల్లకాలము పోషింపలేదు. కాని బడి క్లబ్బు కాదు, ఇల్లు అంతకంటె కాదు. క్లబ్బునకు తగిన న్యాయమును బడిలోను ఇంటిలోను తెచ్చి పెట్టుటయే మన కాలపు తెగులు. క్లబ్బు విషయమున సైతము రెండు కోరవచ్చును: పంపునపుడు అబద్ధము చెప్పకుండుట, ఉంచినపుడు కూలి ఎగవేయకుండుట. వీనికి దయతో పనిలేదు.

2023–24లో హైదరాబాదు తరఫున ఆడిన పిల్లలను గురించి ఒక మాట. పేరుగలవారందరు వెడలిపోయిన పిదప, క్రొత్తవారిని కొనుటకు వీలులేక, ఎక్కువగా చిన్న వయస్సు భారతీయులతో, తంగ్బోయ్ సింగ్టో శిక్షణమున జట్టును నిలిపిరి. జీతము వచ్చునో రాదో తెలియదు. 22 పందెములాడి ఒక్కటి గెలిచిరి. మార్చి నెలలో చెన్నైకి పోయి అక్కడి జట్టును 1–0తో ఓడించిరి. ఎనిమిది పాయింట్లతో అడుగున నిలిచిరి. 2025లో ఆ క్లబ్బు హైదరాబాదును విడిచి ఢిల్లీకి తరలి పేరు మార్చుకొనెను. ఆ పిల్లలను గురించి ఎవరును సినిమా తీయరు. రహీమును గురించి తీసిరి, 2024లో విడుదలయ్యెను. పదహారు పందెములోడినను, ప్రతి వారము బూట్లు కట్టుకొని, చాల చోట్ల ఖాళీ పీటల యెదుట మైదానములోనికి దిగినవారు వారు.